ఒకే రక్తం, వేరే ఊరు

ఇంగ్లండ్ నడిబొడ్డున లెస్టర్ అనే నగరం ఉంది. 1972లో ఈదీ అమీన్ ఉగాండా నుంచి ఆసియా వాళ్లను వెళ్లగొట్టినప్పుడు వేలాది గుజరాతీలు అక్కడికి చేరుకున్నారు. పంజాబీలు అంతకుముందే ఉన్నారు. కొన్నేళ్లు గడిచాక అక్కడి వైద్యులకు ఒక సందేహం పట్టుకుంది. పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడి, నెలల తరబడి రక్తవిరేచనాలయ్యే అల్సరేటివ్ కొలైటిస్ తెల్లజాతి వాళ్ల జబ్బని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. మరి తమ దగ్గరికి ఇంతమంది భారతీయులు అదే జబ్బుతో ఎందుకొస్తున్నారు? జిల్లా మొత్తం రికార్డులు తిరగేసి లెక్క తీశారు. 1992లో ‘గట్’ పత్రికలో అచ్చయిన ఆ లెక్క ప్రకారం, లెస్టర్‌షైర్‌లోని హిందువుల్లోనూ సిక్కుల్లోనూ ఈ జబ్బు కొత్తగా వచ్చేవాళ్ల నిష్పత్తి స్థానిక ఆంగ్లేయుల కంటే ఎక్కువగా తేలింది.

సముద్రం దాటినంత మాత్రాన ఎవరి జన్యువులూ మారవు. మరి మారిందేమిటి? కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఇదే ప్రశ్నను ఇంకా పెద్ద ఎత్తున అడిగారు. 2015లో వెలువడిన ఆ ఫలితాల్లో, వలస వచ్చినవాళ్లకు అల్సరేటివ్ కొలైటిస్, దాని కోవలోని ఇతర పేగుపూత జబ్బులు అక్కడి వాళ్లకంటే చాలా తక్కువ. అయితే ఎంత చిన్న వయసులో వలస వస్తే ముప్పు అంత ఎక్కువ. వచ్చిన వయసు పదేళ్లు తగ్గితే ముప్పు 14 శాతం పెరిగింది. దక్షిణాసియా నుంచి వెళ్లిన దంపతులకు అక్కడే పుట్టిన పిల్లల్లోనైతే తేడాయే లేదు. కెనడా పిల్లలకు ఎంత ముప్పో వాళ్లకూ అంతే.

ఈ రెండు లెక్కలు చూసి, ఇదంతా పరిసరాల పని, వంశానికి సంబంధం లేదు అని తీర్మానించేయడం సులభం. చాలామంది తీర్మానించారు కూడా. నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే కవలల దగ్గరికి వెళ్లాలి. అంతకంటే ముందు జబ్బుల సంగతి రెండు మాటల్లో.

తెలుగులో పేగుపూత అని పిలుచుకునేవి ప్రధానంగా రెండు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది, పేగు లోపలి పొరనే తింటుంది. క్రాన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. ఎక్కువగా చిన్నపేగు చివర, పెద్దపేగుతో కలిసేచోట వస్తుంది, పేగు గోడ మందమంతా లోతుగా దిగబడుతుంది. 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యులు బరిల్ క్రాన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ కలిసి దీన్ని వర్ణించారు. రచయితల పేర్లు అక్షరక్రమంలో వేయడంతో జబ్బుకు క్రాన్ పేరు స్థిరపడింది. రెండింటిలోనూ మన రోగనిరోధక వ్యవస్థ మన పేగు మీదే ఆగకుండా దాడి చేస్తుంటుంది. ఎక్కువగా పదిహేనేళ్లకూ ముప్పై అయిదేళ్లకూ మధ్య, అంటే చదువులు, ఉద్యోగాలు, పెళ్లిళ్ల వయసులో బయటపడుతుంది. మన దగ్గర మొదట రక్తం కనబడగానే మొలలనుకుంటారు, వేడి చేసిందనుకుంటారు, అమీబియాసిస్ మాత్రలు మింగుతారు. ఆ అనుమానాల్లోనే నెలలు గడిచిపోతాయి.

ఇక కవలలు. 1988లో స్వీడన్ వైద్యులు దేశంలోని కవలల జాబితాను ఆసుపత్రి రికార్డులతో సరిపోల్చారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో కనీసం ఒకరికైనా క్రాన్స్ ఉన్న జంటలు 18 దొరికాయి. వాటిలో 8 జంటల్లో ఇద్దరికీ జబ్బుంది. అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న 16 జంటల్లో ఇద్దరికీ ఉన్నది ఒక్క జంటలోనే. తర్వాత ఇతర దేశాల్లో వచ్చిన లెక్కల్లో అంకెలు కొంత అటూ ఇటూ అయినా, క్రాన్స్‌లో వంశం వాటా ఎక్కువ, కొలైటిస్‌లో తక్కువ అన్న సంగతి నిలబడింది. 18లో 8 అంటే చిన్న సంగతి కాదు, జన్యువులు గట్టిగా పనిచేస్తున్నాయి. కానీ మిగిలిన పది జంటల మాటేమిటి? తల్లి గర్భం ఒకటే, జన్యువులు ఒకటే, చాలావరకు పెరిగిన ఇల్లూ ఒకటే. అయినా ఒకరు జబ్బుపడ్డారు, ఒకరు పడలేదు. ఈ జబ్బుల గురించి ఆలోచించే ప్రతి ఒక్కరూ మొదట ఆ పది జంటల ముందు కాసేపు నిలబడాలని నా కోరిక.

జన్యువుల వేటలో మొదటి పెద్ద ఫలితం 2001లో వచ్చింది. పారిస్‌లో జాన్-పియర్ ఉగో బృందం, అమెరికాలో గాబ్రియేల్ నూన్యెజ్, జూడీ చో తదితరుల బృందం విడివిడిగా పనిచేసి, ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో ఒకే జన్యువును చూపించాయి. అది 16వ క్రోమోజోమ్ మీద ఉండే నాడ్2. బ్యాక్టీరియా గోడలో ఉండే ఒక చిన్న ముక్కను గుర్తుపట్టి, శత్రువు వచ్చాడని కణానికి కబురు పెట్టడం దీని పని. ఊరి పొలిమేరలో కావలివాడన్నమాట. ఈ జన్యువులో మూడు మార్పులు క్రాన్స్ రోగుల్లో ఎక్కువగా కనబడ్డాయి. వాటిలో ఒకటి తల్లి నుంచో తండ్రి నుంచో వస్తే జబ్బు ముప్పు రెండు నుంచి నాలుగు రెట్లు, ఇద్దరి నుంచీ వస్తే 15 నుంచి 40 రెట్లు. అప్పటిదాకా క్రాన్స్‌ను రోగనిరోధక వ్యవస్థ అతిచురుకుదనమనే అనుకున్నారు. ఈ మార్పుల వల్ల జరిగేది దానికి తలకిందులు, కావలి మందగిస్తుంది. పొలిమేరలో ఆపలేని బ్యాక్టీరియా లోపలికి చేరుతుంది, అప్పుడు మొత్తం సైన్యం ఆలస్యంగా, అడ్డూ అదుపూ లేకుండా దిగుతుంది.

అయితే ఆ రెట్ల లెక్క చదివి భయపడేవాళ్లు రెండో సంగతి కూడా వినాలి. ఇద్దరి నుంచీ ఆ మార్పులు పొందినవాళ్లలోనూ అత్యధికులకు జీవితాంతం క్రాన్స్ రాదు.

మనకు సంబంధించిన సంగతి ఇంకోటి ఉంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు మన క్రాన్స్ రోగుల్లో ఆ మూడు మార్పుల కోసం వెతికారు. దొరకలేదు. 2008లో ఆ సంగతి ప్రచురించారు. జపాన్, చైనా, కొరియా రోగుల్లోనూ అవి దాదాపు లేవు. ఐరోపాలో క్రాన్స్‌కు అంత పెద్ద కారణమైన జన్యుమార్పు ఆసియాలో లేకపోయినా జబ్బు మాత్రం ఉంది. కాబట్టి మన జబ్బును మన రక్తంలోనే వెతకాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో తెల్మా బృందం, లూధియానాలో అజిత్ సూద్ బృందం కలిసి ఉత్తర భారత కొలైటిస్ రోగుల జన్యుపటాన్ని పరిశీలించి 2015లో ఐరోపా జాబితాల్లో లేని కొత్త చోట్లు మూడింటిని చూపించారు. అదే ఏడాది ఐరోపా, తూర్పు ఆసియా, ఇరాన్, భారత్ రోగుల నమూనాలన్నీ కలిపి చేసిన పరిశీలనతో, ముప్పుతో ముడిపడ్డ చోట్ల సంఖ్య దాదాపు 200కు చేరింది. ఒక్కో చోటు మోసే బరువు మాత్రం అతి స్వల్పం. 163 చోట్లు తెలిసిన 2012 నాటికి అవన్నీ కలిపినా క్రాన్స్ ముప్పులో తేడాల్ని 14 శాతం దాకా, కొలైటిస్‌లో 8 శాతం దాకా మాత్రమే వివరించగలిగాయి.

ఈ జబ్బుకు దారితీసే జన్యువులు ఇన్ని తరాలు ఎలా నిలిచాయి? 2009లో చైనా కుష్ఠురోగులను పరిశీలించినప్పుడు నాడ్2 మళ్లీ బయటపడింది. క్రాన్స్‌తో సంబంధమున్న చోట్లలో కొన్ని క్షయ, కుష్ఠు కారకాలైన మైకోబ్యాక్టీరియా కుటుంబంతో మన శరీరం చేసే పోరులోనూ పాలుపంచుకుంటాయి. మన పూర్వీకుల్లో ఎవరు బతికి బట్టకట్టాలో వేల ఏళ్లపాటు నిర్ణయించినవాటిలో అలాంటి అంటురోగాలూ ఉన్నాయి. ఇవాళ పేగులో మనల్ని ఇబ్బంది పెడుతున్న జన్యువుల్లో కొన్ని నిన్నటి యుద్ధాల ఆయుధాలు కావచ్చునన్నది నాకు బాగా నచ్చిన ఆలోచన. దీనికి ఆధారాలు బలపడుతున్నాయి.

ఇప్పుడు ఈ అధ్యాయానికి గుండెకాయ లాంటి ప్రయోగం. ఏటీజీ16ఎల్1 అనే మరో జన్యువు ఉంది. కణం తనలోని చెత్తను, చొరబడ్డ సూక్ష్మజీవుల్ని తానే జీర్ణించుకోవడానికి అది కావాలి. దానిలో వచ్చే ఒక మార్పు క్రాన్స్ ముప్పును పెంచుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఈ జన్యువు పనితీరు తగ్గించిన ఎలుకల్ని పెంచారు. చిన్నపేగు మడతల అడుగున పానెత్ కణాలని ఉంటాయి, సూక్ష్మజీవుల్ని చంపే రసాయనాలు తయారుచేస్తాయి. ఈ ఎలుకల్లో ఆ కణాలు క్రాన్స్ రోగుల్లో ఉన్నట్టే అస్తవ్యస్తంగా కనబడ్డాయి. జన్యువే కారణమని తేలిపోయిందనుకున్నారు.

తర్వాత అదే జన్యులోపమున్న ఎలుకల్ని మరింత పరిశుభ్రమైన గదుల్లో పెంచారు. పానెత్ కణాలు మామూలుగా ఉన్నాయి! జన్యువు అదే, జబ్బు మాయమైంది. ఏం తగ్గిందని వెతికితే పాత గదుల్లో తిరిగే నోరోవైరస్ రకం ఒకటి కొత్త గదుల్లో లేదు. దాన్ని ఎక్కించగానే లోపం తిరిగొచ్చింది. మామూలు జన్యువున్న ఎలుకలకు అదే వైరస్ ఎక్కిస్తే ఏమీ కాలేదు. అంతటితో ఆపకుండా, పేగు పొరను దెబ్బతీసే రసాయనం ఒకటి నీళ్లలో కలిపి తాగించారు. జన్యులోపం, వైరస్ రెండూ ఉన్న ఎలుకల్లో మాత్రమే క్రాన్స్‌ను పోలిన గాయాలు పడ్డాయి. వాటికి ముందుగా యాంటీబయాటిక్స్ ఇచ్చి పేగు బ్యాక్టీరియాను తగ్గిస్తే ఆ గాయాలు పడలేదు. అంటే జన్యువు, వైరస్, పొరకు తగిలిన దెబ్బ, బ్యాక్టీరియా అన్న నాలుగూ ఒకచోట కలవాలి. ఒకటి తప్పినా ఆ జబ్బు లేదు. 2010లో ‘సెల్’ పత్రికలో వచ్చిన ఈ ఫలితం చదివాక, జబ్బులో వంశం ఎంత శాతం, తిండి ఎంత శాతం అన్న ప్రశ్న నాకు అర్థరహితంగా తోచింది. నాలుగింటి వల్ల జరిగిన పనిలో ఎవరి వంతు ఎంతని విడదీయడానికి అక్కడేమీ లేదు.

బయటి ప్రపంచమూ లోపలి జన్యువూ కలిసే చోటు పేగులోని సూక్ష్మజీవుల లోకమని అనిపిస్తుంది. ఐఎల్-10 అనే శాంతింపజేసే అణువును తయారుచేయలేని ఎలుకలకు పెద్దపేగులో మంట తప్పదు. కానీ పుట్టినప్పటి నుంచీ ఒక్క సూక్ష్మజీవీ లేని గాజుగూళ్లలో పెంచితే ఆ జబ్బు రాదు. మనుషుల్లో ఇదే దారి మూసుకుపోయిన పసిపిల్లలు అరుదుగా కనబడతారు. వాళ్లకు పుట్టిన కొద్ది నెలల్లోనే తీవ్రమైన పేగుజబ్బు వస్తుంది. 2009లో ఐరోపా వైద్యులు అలాంటి బిడ్డకు ఎముక మజ్జ మార్పిడి చేసి జబ్బును అదుపులోకి తెచ్చారు. జన్యువు ఒక్కటే దాదాపు అంతా నడిపించే సందర్భాలు ఇలాంటివే, చాలా అరుదు.

బయటి కారణాల జాబితా పొడుగైనది, పైగా ఒకదానితో ఒకటి పొసగదు. 1982లో కార్డిఫ్ వైద్యులు చూసిన వింత ఇప్పటికీ నిలబడి ఉంది. సిగరెట్ తాగేవాళ్లకు అల్సరేటివ్ కొలైటిస్ తక్కువ, మానేసినవాళ్లకు ఎక్కువ. క్రాన్స్‌లో పూర్తిగా ఎదురు. పొగ దాని ముప్పును పెంచుతుంది, ఉన్న జబ్బును ముదరబెడుతుంది, ఆపరేషన్ల దాకా తీసుకెళ్తుంది. కొలైటిస్ పేరు చెప్పి ఎవరూ సిగరెట్ ముట్టకూడదు, ఊపిరితిత్తులూ గుండే చెల్లించే మూల్యం ముందు ఆ లాభం లెక్కలోకి రాదు. చిన్నతనంలో అపెండిసైటిస్ వచ్చి అపెండిక్స్ తీయించుకున్నవాళ్లకూ కొలైటిస్ తక్కువ.

యాంటీబయాటిక్స్ కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. బాల్యంలో పదేపదే వాడిన పిల్లలకు తర్వాత క్రాన్స్ ఎక్కువని డెన్మార్క్ లాంటి దేశాల రికార్డులు చూపాయి. కానీ 2015లో ఆసియా-పసిఫిక్ దేశాల్లో చేసిన పరిశీలనలో ఆసియా రోగుల విషయంలో సంబంధం తిరగబడింది, యాంటీబయాటిక్ వాడిన పిల్లలకే ముప్పు తక్కువగా కనబడింది. ఏడాదికి పైగా తల్లిపాలు తాగడం, ఇంట్లో కుక్క ఉండటం కూడా అక్కడ రక్షణగా తేలాయి. ఒక దేశంలో హాని చేసిందని మరో దేశానికి అదే తీర్పు అంటగట్టలేమని దీన్నిబట్టి నేను గ్రహించాను. అయినదానికీ కానిదానికీ మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కోవడం మాత్రం వేరే వంద కారణాల చేత తప్పే.

తిండి విషయంలో మన ఇళ్లలో మొదటి నింద కారం మీద, రెండోది మాంసం మీద పడుతుంది. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు కారం బాధపెడుతుంది, నిజమే. జబ్బును పుట్టించింది కారమని చెప్పడానికి ఆధారం లేదు. భారత్‌తో సహా 21 దేశాల్లో లక్షా 16 వేల మందిని ఏళ్ల తరబడి గమనించిన ప్యూర్ అధ్యయనం 2021లో చెప్పిందేమిటంటే, ఫ్యాక్టరీలో తయారై ప్యాకెట్లలో వచ్చే చిరుతిళ్లు, శీతల పానీయాలు, నిల్వ మాంసం లాంటివి రోజుకు అయిదుసార్లు, అంతకు పైగా తినేవాళ్లకు, ఒక్కసారి కంటే తక్కువ తినేవాళ్లతో పోలిస్తే పేగుపూత ముప్పు 1.82 రెట్లు. ఇంట్లో వండే మాంసం, పాలు, అన్నం, కూరగాయలతో అలాంటి సంబంధం కనబడలేదు. ఎందుకిలా అనడానికి ఎలుకల్లో ఒక ఆచూకీ దొరికింది. ఐస్‌క్రీముల్లాంటి వాటిలో నూనె, నీరు విడిపోకుండా కలిపే పదార్థాల్ని 2015లో అట్లాంటా పరిశోధకులు ఎలుకలకు తాగించారు. పేగుకు రక్షణగా ఉండే జిగురు పొర పలచబడి బ్యాక్టీరియా గోడకు దగ్గరగా చేరింది. మామూలు ఎలుకల్లో స్వల్పమైన మంటతో సరిపోయింది. ఐఎల్-10 లేని ఎలుకల్లో కొలైటిస్ విజృంభించింది. తిన్నది ఒకటే, ఫలితం తిన్నవాళ్ల జన్యువును బట్టి.

మన దేశానికి వస్తే, ఈ జబ్బు కొత్తగా దిగుమతైందన్న మాట తప్పు. పంజాబ్‌లో సూద్ బృందం ఇంటింటికీ తిరిగి 51,910 మందిని పరీక్షించి 2003లో ప్రకటించిన లెక్కలో లక్షమందికి 44 మంది కొలైటిస్ రోగులున్నారు. ఆసియా లెక్కల్లో అది ఎక్కువవాటిలో ఒకటి. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు కడుపు, విరేచనాల బాధలున్న ముప్పై వేలమందికి పైగా కొలనోస్కోపీ చేశారు. ఊళ్లకు వెళ్లి మరీ చేశారు. నగరంలో ఎంత నిష్పత్తిలో పేగుపూత దొరికిందో పల్లెల్లోనూ దాదాపు అంతే దొరికింది. పల్లె గాలి, పల్లె తిండి అనే గోడ మనం ఊహించుకున్నంత ఎత్తుగా లేదు. ప్యాకెట్ చిప్స్ చేరని ఊరు తెలంగాణలో ఎక్కడుంది?

మన దగ్గర ఇంకో చిక్కుంది. క్రాన్స్ ఎక్కువగా స్థిరపడే చిన్నపేగు చివరనే పేగుల క్షయ కూడా స్థిరపడుతుంది. కొలనోస్కోపీలో, బయాప్సీలో కూడా రెండూ ఒకదానిలా ఒకటి కనబడతాయి. క్రాన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే క్షయ ఒళ్లంతా పాకవచ్చు. అందుకే ముందు క్షయ మందులిచ్చి చూడటం ఇక్కడ మామూలు. ఆ నెలల్లో అసలు క్రాన్స్ ఉన్నవాళ్ల పేగు ఇరుకైపోతుంటుంది. దీనికి వైద్యుణ్ని తప్పుపట్టలేం, రోగినీ తప్పుపట్టలేం.

జన్యువు తెలిస్తే ప్రాణం నిలబడే సందర్భం మాత్రం మనకు చాలా దగ్గరలో ఉంది. అజథయోప్రిన్ అనే చౌకైన మాత్ర ఈ జబ్బులున్న వేలమందికి ఆధారం. కొందరికి అది పడగానే జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోతుంది, తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. పాశ్చాత్య దేశాల్లో దీన్ని ముందే పసిగట్టడానికి టీపీఎంటీ అనే ఎంజైమ్‌ను చూసేవారు. మన రోగుల్లో అది మామూలుగా ఉన్నా తెల్లకణాలు పడిపోయేవి. 2014లో కొరియా పరిశోధకులు అసలు కారణం చూపించారు. ఎన్‌యూడీటీ15 అనే వేరే జన్యువులో మార్పు. ఐరోపా వాళ్లలో అది అరుదు, దక్షిణాసియా వాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి ఉంటుంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చినవాళ్లకు ఆ మాత్ర విషమే. మాత్ర మొదలుపెట్టేముందు ఒక్కసారి చేసే రక్తపరీక్షతో తెలిసిపోతుంది. మాత్ర రాసే ప్రతిచోటా ఆ పరీక్ష అందుబాటులో ఉండాలి, పేదవాడికి ఉచితంగా ఉండాలి. మొదటి నెలల్లో జుట్టు విపరీతంగా రాలుతుంటే, తలనూనె మార్చడం కాదు, వెంటనే రక్తకణాల లెక్క చూపించుకోవాలి.

పేగుపూత వచ్చిన ఇంట్లో రెండు ప్రశ్నలు తప్పవు. ‘నేనేం పెట్టి పాడుచేశాను వాడికి?’ అని తల్లి. ‘ఇది ఏ వైపు నుంచి వచ్చింది?’ అని బంధువులు. ఏ ఒక్క వంటా ఈ జబ్బును తేలేదు. ఇక వంశం మాట. తల్లిదండ్రుల్లో ఒక్కరికే జబ్బుంటే, పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా దాన్ని ఎన్నడూ చూడరు. ఇద్దరికీ ఉంటేనే ముప్పు మూడోవంతు దాకా పోతుంది. ఈ అంకె తెలియక తప్పిపోయిన సంబంధాలు, దాచిపెట్టిన మాత్రల డబ్బాలు, పెళ్లయ్యాక మందు మానేసి ఆసుపత్రి పాలైన ఆడపిల్లలు మన చుట్టూ ఉన్నారు.

తోబుట్టువుకో తల్లికో తండ్రికో క్రాన్స్ ఉండి, తాము మాత్రం ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద టొరంటో కేంద్రంగా 2008 నుంచి జెమ్ అనే అధ్యయనం నడుస్తోంది. రోగుల తోబుట్టువులు, పిల్లలు అయిదు వేలమందికి పైగా అందులో చేరారు. ఏ బాధా లేనప్పుడే వాళ్ల రక్తం, మలం, మూత్రం సేకరించి, ఏళ్ల తరబడి ఎవరికి జబ్బు వస్తుందో గమనిస్తున్నారు. తర్వాత క్రాన్స్ వచ్చినవాళ్లలో పేగు గోడ అప్పటికే, కొందరిలో మూడేళ్లకు పైగా ముందే, ఉండాల్సిన దానికంటే ఎక్కువగా కారుతోందని 2020లో బయటపడింది. 2023లో, వాళ్ల పేగు బ్యాక్టీరియా కూర్పు కూడా ముందే వేరుగా ఉందని తేలింది. జబ్బు రాకముందే ఆపే ప్రయత్నానికి మొట్టమొదటి చోటు ఇక్కడ దొరుకుతోంది.

ఇలాంటి అధ్యయనం తెలుగు కుటుంబాలతో మొదలుపెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఒక తల్లి పిల్లల్లో ఒకరు నల్గొండ దగ్గర ఊళ్లో వ్యవసాయం చేస్తుంటారు, ఒకరు కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, ఒకరు న్యూజెర్సీలో పిల్లల్ని కంటారు. జన్యువుల్లో ఇంత దగ్గరగా ఉండి, నీళ్లలో, తిండిలో, మందుల్లో ఇంత దూరంగా బతికే కుటుంబాల్ని ఏ ప్రయోగశాలా తయారుచేయలేదు. వాళ్లంతా పండగకు ఇంటికి వస్తారు కూడా. నమూనాలు తీసుకోవడానికి అంతకంటే అనువైన రోజులు దొరకవు.